ఎవడా రాన్?

"ఎవడే వాడు?"

ప్రాచి ప్లేటు కేసి చూసింది.

"నిన్నేనే అడుగుతున్నది! ఆ రాన్ ఎవడు?"

ప్రాచి ప్లేటులోని థేప్లా రొట్టెను చింపి చింపి చిన్న ముక్కలు చేసింది గానీ ఒక్క ముక్కా నోట్లో పెట్టలేదు. నోరు తెరిస్తే థేప్లా లోపలికి పోవడం కంటే మాట బయటికి వచ్చే ప్రమాదమే ఎక్కువని ఆమె భయం కాబోలు.

స్టవ్ మీద ధోక్లా ఆవిరికి ఉడుకుతోంది. ఇంగ్లండులోని లెస్టర్‌లో శనివారం పూట గజ్జర్ల వంటింట్లో ధోక్లా ఉడకడం వింత కాదు. ధోకా ఉడకడం మాత్రం ఇదే మొదలు.

ఖ్యాతి మెట్లు దిగి వచ్చేసరికి వరస ఇదీ. సాయంత్రం చెయ్యబోయే ప్రసంగాన్ని బాత్రూం అద్దానికి వినిపించి, అద్దం మెచ్చుకున్నాక ఆమె కిందికి దిగింది. ఇంటిపేరు గజ్జర్, కాలికి గజ్జె. అయినా యూనివర్సిటీ భారతీయ నాట్య సంఘంలో ఆమెది ఎప్పుడూ చివరి వరుసే. ముందువాళ్ల జడలే తప్ప ప్రేక్షకుల ముఖాలు ఏనాడూ చూసి ఎరగదు. కానీ ప్రాక్టీసు అయ్యాక ఏడవాలనుకున్న ప్రతి పిల్లా నేరుగా ఆ చివరి వరుసకే నడిచి వచ్చేది. ఖ్యాతికి అడుగులు అంతంతమాత్రం. అడగడం మాత్రం బాగా వచ్చు. తిన్నావా? నిద్రపోయావా? ఇంటికి ఫోన్ చేశావా?

అందుకే సంఘంలో వెల్ఫేర్ ఆఫీసర్ పదవికి నిలబడింది. నాట్యాన్ని చూసుకోవడానికి ప్రెసిడెంటూ కెప్టెనూ ఉన్నారు. నాట్యం చేసేవాళ్లను చూసుకునే పని ఇది. మరెవరూ పోటీకి రాలేదు. ఎన్నిక ఈ సాయంత్రమే.

"ఏమైంది మమ్మీ?"

"ఏమైందా? మీ అక్క పెళ్లి కుదిరింది. మనకే కబురందలేదు!" అంది నయనాబెన్.

ప్రాచి ఖ్యాతికి పెదనాన్న కూతురు. అమ్మా నాన్నా నైరోబీలో ఉన్నారు. చదువు కోసం ఈ ఇంటికి వచ్చింది. చెల్లెలి యూనివర్సిటీయే, చెల్లెలి నాట్య సంఘమే. కాకపోతే నిలబడేది మొదటి వరుసలో. నయనాబెన్‌ని కాకీ అని పిలుస్తుంది. గుజరాతీలో పిన్నిని అలాగే అంటారు. మన కాకికీ ఆ కాకీకీ దీర్ఘమొక్కటే తేడా.

"పైన తువ్వాళ్లు మడతపెడుతుంటే ఈ చెవులతో విన్నాను," నయనాబెన్ కూతురికి సాక్ష్యం వినిపించింది. "ఫోన్లో అంటోందీ, 'నేను రాన్‌కే ఖాయం. ఖ్యాతికి తెలియనివ్వకు. మనవాళ్లు ఇరవై మంది వస్తే చాలు, సాయంత్రంతో అయిపోతుంది' అని. పెళ్లి కాకపోతే ఏమిటే అది? ఇరవై మందితో రిజిస్టరు పెళ్లి! రేపు బావగారు ఫోన్ చేసి, నీ ఇంట్లో ఉంచాను కదా నయనా, కళ్లెక్కడ పెట్టుకున్నావు అంటే ఏం చెప్పను?"

మూలన కుర్చీలో కూర్చుని బఠాణీలు వలుస్తున్న బా తలెత్తింది. బా అంటే నయనాబెన్ అత్తగారు. ఆమెకు వినపడేది సగం, మిగతా సగం ఆమే నింపుకుంటుంది.

"రణ్ అంటోందా? మా కచ్ఛ్‌లో ఉంది రణ్. ఎడారి అది, ఎంత దూరం నడిచినా ఉప్పు తప్ప ఇంకేం కనపడదు."

"ఆ రణ్ కాదు బా, రాన్! మగపిల్లాడు. తెల్లవాడై ఉంటాడు."

"ఉప్పూ తెల్లగానే ఉంటుంది," అంది బా.

ఖ్యాతి నవ్వబోయి, సగంలో ఆగిపోయింది.

రాన్.

ఆ యూనివర్సిటీలో చదివే ఎవరిని అడిగినా చెప్తారు, రాన్ మనిషి కాడు. ప్రతి ఎన్నికలోనూ అభ్యర్థుల పేర్ల అడుగున ఉండే ఆఖరి పేరు. రీ-ఓపెన్ నామినేషన్స్ అనే మాటల తలకాయలు, ఆర్, ఓ, ఎన్, నరికి అతికిస్తే పుట్టిన పేరు. నిలబడ్డవాళ్లెవరూ మాకొద్దు, మళ్లీ మొదట్నుంచి పిలవండి అనేవాళ్లు వాడికి ఓటేస్తారు. పేరు రాన్ అయినా ఏ ఎన్నికకూ రానని అన్న పాపాన పోలేదు. పిలవకుండానే వస్తాడు, అడుగున కూర్చుంటాడు, ఓడిపోయి వెళ్తాడు. ఒంటరిగా నిలబడ్డ అభ్యర్థి వాడి చేతిలో ఓడిపోవడమంటే, పీటల మీద కూర్చున్న ఒక్కగానొక్క పెళ్లికొడుకును చూసి పెళ్లికూతురు ఖాళీ పీటే నయం అనడం.

ఈ సాయంత్రం ఖ్యాతికి ఎదురు నిలబడ్డది ఆ రాన్ ఒక్కడే. వాడికోసం ఇరవై మందిని కూడగడుతున్నది, తనతో ఒకే గదిలో పడుకునే ప్రాచి.

ఖ్యాతి కుర్చీ లాక్కుని అక్కకు ఎదురుగా కూర్చుంది. ఒక్క మాట చెప్తే పెళ్లి గోల అక్కడితో తెగుతుంది. కానీ ఆ గోల తెగితే ద్రోహం గోల మొదలవుతుంది. అమ్మ వెంటనే నైరోబీకి ఫోన్ కలుపుతుంది. అంతకంటే ముందు ఎందుకో తనకు తెలియాలి.

"చెప్పక్కా," అంది మెత్తగా. "ఎవరీ రాన్?"

ప్రాచి చెల్లెలి కళ్లలోకి చూసింది. తెలిసిపోయిందని తెలిసిపోయింది.

"ఉన్నాడా, లేడా?" నయనాబెన్ బల్ల మీద చరిచింది.

"ఉన్నాడు కాకీ."

నయనాబెన్ కూలబడింది. తర్వాత పెళ్లిచూపుల పెద్దరికం తన్నుకొచ్చింది.

"ఏం చేస్తాడు?"

"ఏమీ చెయ్యడు."

"చదువు?"

"యూనివర్సిటీలోనే ఉంటాడు. ఎప్పట్నుంచో."

"ఎప్పట్నుంచో అంటే? తప్పుతున్నాడా?"

"ప్రతి ఏడూ నిలబడతాడు. ఇంతవరకూ గట్టెక్కలేదు."

"అమ్మా నాన్నా?"

"ఎవరూ లేరు."

"ఫోటో చూపించు."

"వాడి ముఖం ఎవరూ చూడలేదు కాకీ."

"అమ్మో! ఇంటర్నెట్ వాడు!" నయనాబెన్ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"మాంసం తింటాడా?" బా అడిగింది.

"అసలేమీ తినడు బా."

"పెట్టుపోతల బాధ లేదు. ఆలోచించవచ్చు," అని బా మరో బఠాణీకాయ విప్పింది.

ఖ్యాతి నవ్వలేదు. "నాకు తెలుసు మమ్మీ వాణ్ని. ఎదురుగా నిలబడి నువ్వు వద్దు అని చెప్పే ధైర్యం లేనివాళ్లు వాణ్ని ముందుకు తోస్తారు."

"ఎదురుగా చెప్తే ఇంకా పెద్ద దెబ్బ తగులుతుందని కూడా తోస్తారు," అంది ప్రాచి.

"దెబ్బ తగిలేవాళ్లను అడిగావా?"

"అడిగితే తగలదా?"

నయనాబెన్ ఒకరి ముఖం నుంచి మరొకరి ముఖానికి చూసింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"అంటే... మీ ఇద్దరికీ వాడొక్కడేనా?"

నయనాబెన్ లేచి వెళ్లి వీధి తలుపుకు తాళం వేసి, తాళంచెవిని కార్డిగన్ జేబులో పడేసింది. నాట్యంలో తాళం తప్పితే అడుగు తప్పుతుంది. ఇక్కడ తాళం పడింది, అడుగు కదిలే దారి లేదు.

"మమ్మీ! నా ఎన్నిక!"

"ఎన్నికా లేదు, గిన్నికా లేదు. బావగారితో మాట్లాడేదాకా ఈ గడప ఎవరూ దాటరు."

*

పైన గది ఎంత చిన్నదంటే, ఇద్దరు పోట్లాడుకోవాలంటే ఒకరు మంచం మీద కూర్చోవాలి. ప్రాచి కూర్చుంది. ఖ్యాతి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఎందుకు?"

ప్రాచి దుప్పటి అంచు సరిచేసింది.

"మొదటి వరుసలో ఉన్నవాళ్లకు వెనక ఉన్నవాళ్లు కనపడరని తెలుసు. వెన్నుపోటు కూడా ముందు వరుసలోంచే వస్తుందని తెలియదు," అంది ఖ్యాతి.

"ధ్వని అడిగింది," అంది ప్రాచి.



ధ్వని మొదటి ఏడాది పిల్ల. లండన్‌లోని హారో నుంచి వచ్చింది. కూతురు ఫార్మసీ చదువుతోందని ఇంట్లో అందరికీ మిఠాయిలు పంచారు. ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా ఫార్మసీ మానేసి భూగోళశాస్త్రంలోకి మారిపోయింది. ఆ సంగతి ఈ భూగోళం మీద ఒక్క మనిషికే చెప్పింది, ఈ గదిలో, ఈ మంచం మీద కూర్చుని, ఖ్యాతికి. వారం తిరక్కుండా ఆ పిల్ల తండ్రి హాస్టలు గుమ్మంలో నిలబడి, ఏ ఖండంలో దాక్కుందామనుకున్నావే అని నలుగురూ చూస్తుండగా అరిచాడు. ధ్వని చెప్పిన రహస్యం ప్రతిధ్వని అయింది. ఆనాటి నుంచీ ఖ్యాతి ఎదురుపడితే ధ్వనిది నిశ్శబ్దమే.

"నేనే చెప్పానని ఇంకా అనుకుంటోందా?"

"ఆ పిల్ల ఒక్కతే కాదు. టీమంతా అంటున్నారు. సంగతి దాచాలంటే కడుపులో పెట్టుకో, చాటాలంటే ఖ్యాతికి చెప్పుకో అని. కెప్టెన్ దాన్ని పాట కట్టి పాడుతోంది కూడా."

"నువ్వూ నమ్ముతున్నావా?"

"లేదు." ప్రాచి తడుముకోలేదు. "నువ్వు చెప్పలేదని నాకు తెలుసు."

ఖ్యాతికి ఊరట కలగాల్సిన చోట అనుమానం కలిగింది. నమ్మను అంటే ఒక అర్థం ఉంది. తెలుసు అంటోంది. ఎలా తెలుసు?

"తెలిసి కూడా నా మీదికి రాన్‌ని తోలుతున్నావా?"

ప్రాచి తలుపు వైపు చూసింది. ఖ్యాతి వైపు కాదు, ఆమె వెనకున్న తలుపు వైపు.

"అక్కా, నేను ఒక్కరితోనైనా అని ఉంటే చూడు. అమ్మతోడు..."

"ఆ ఒట్టు వెయ్యకు!" ప్రాచి గబుక్కున చెయ్యెత్తింది. "ఇంకేదైనా వెయ్యి. అది మాత్రం వద్దు."

ఒట్టు వేస్తే ఓటు పడుతుందని ఖ్యాతి ఆశపడలేదు. కానీ ఒట్టు వింటేనే ఇంతలా అదిరిపడే మనిషిని ఆమె చూడలేదు.

గోడ అవతల వేణ్ణీళ్ల ట్యాంకు గుడగుడమంది. మెట్ల పైన, గది తలుపు పక్కనే, ఆ ట్యాంకున్న అలమర. తువ్వాళ్లు వెచ్చగా ఉంటాయని అందులోనే సర్దుతారు.

"అక్కా. నువ్వు పొద్దున్న ఫోన్ మాట్లాడింది ఎక్కణ్నుంచి?"

ప్రాచి చూపు మళ్లీ తలుపు మీదికి వెళ్లింది.

"ఈ గదిలోంచేనా?"

"ఊఁ."

"తలుపు?"

"వేసే ఉంది."

తలుపు వేసే ఉంది. అయినా అమ్మ ప్రతి మాటా అప్పజెప్పింది. రాన్, ఇరవై మంది, సాయంత్రం, ఏదీ వదల్లేదు. ప్రాచి మీద చెప్పిన సాక్ష్యమంతా అమ్మ తన మీద తానే చెప్పుకుంది.

ఖ్యాతి వెనక్కి తిరిగి తలుపు లాగింది.

నయనాబెన్ అక్కడే నిలబడి ఉంది. చేతుల్లో తువ్వాళ్ల దొంతర. అవన్నీ మడతపెట్టే ఉన్నాయి.

"ఇవి సర్దుదామనీ..."

"ధ్వని ఏడ్చిన రోజు కూడా సర్దుదామనే వచ్చావా మమ్మీ?"

నయనాబెన్ ఏ ధ్వని అన్నట్టు ముఖం పెట్టబోయింది. ముఖం మాట వినలేదు.

"పాపం, ఆ పిల్ల అంత ఏడుస్తుంటే... నేనేమైనా చెడు కోరానా? సత్సంగంలో హంసాబెన్ పక్కన కూర్చుంటే మనసాగలేదు. ఆ పిల్లకు మంచిబుద్ధి పుట్టాలని ఆవిడ చేత కూడా దణ్ణం పెట్టిద్దామని చెప్పాను. మనలో మాట అని మరీ చెప్పాను. ఎవరికీ చెప్పనని ఆవిడ దేవుడి ముందే అంది."

సత్సంగంలో సత్తు సంగతెలా ఉన్నా, సంగతులకు లోటుండదు.

"ఎవరికీ చెప్పలేదు కాకీ," అంది ప్రాచి. "హారోలో ఉన్న ఆడపడుచుకు తప్ప. ఆ రోజు మిమ్మల్నిద్దర్నీ కారులో ఇంటికి తెచ్చింది నేనేగా. నా వెనక సీట్లోంచే ఫోన్ చేసింది. మీరు పక్కనే కూర్చుని, వివరంగా చెప్పండి, సగం సగం చెప్తే అపార్థం వస్తుంది అన్నారు."

నయనాబెన్ తువ్వాళ్లను గుండెకు అదుముకుంది.

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?" ఖ్యాతి అక్క మీదికి తిరిగింది. ఎవరి మీద కోపపడాలో ఆమెకే అర్థం కాలేదు.

"ఏమని చెప్పను? కాకీ చేతి అన్నం తింటూ, కాకీ మీద కూతురికే చాడీలు చెప్పనా? నువ్వు ఓడిపోతే ఓ రోజు ఏడుస్తావు. గెలిస్తే ఏమవుతుందో చెప్పనా? ఇంకో పిల్ల వస్తుంది ఈ మంచం మీదికి. నువ్వు భుజం మీద చెయ్యి వేసి, ఏం ఫర్లేదు, ఇక్కడ ఎవరూ వినరు అంటావు. గోడ అవతల కాకీ తువ్వాళ్లు మడతపెడుతూ ఉంటుంది."

ఆ రోజు ధ్వనితో ఖ్యాతి సరిగ్గా ఆ మాటే అంది. ఇక్కడ ఎవరూ వినరు. నోటికి తాళం వేసుకుంది గానీ గోడ సంగతి ఆలోచించలేదు.

"అయితే ఆ రాన్..." నయనాబెన్ మెల్లగా అడిగింది.

రాన్ అంటే ఏమిటో ప్రాచి ముక్తసరిగా చెప్పింది. పెళ్లి లేదన్న ఊరట నయనాబెన్ ముఖంలో ఒక్క ఊపిరి సేపు వెలిగింది. తర్వాత మిగతా అర్థం కూడా ఆమెను చేరింది.

"అంటే నావల్లనా నా కూతురు ఓడిపోయేది? ఎదుట మనిషే లేనప్పుడు?"

"ఓడిపోనక్కర్లేదు," అంది ప్రాచి. "ఖ్యాతీ, విను. సాయంత్రం ప్రశ్నలు అడగమన్నప్పుడు ధ్వని లేస్తుంది. నా మాట ఎవరి నోట పోయింది అని ఒక్కటే అడుగుతుంది. నువ్వూ లేచి చెప్పెయ్. మా అమ్మ వింది, మా అమ్మ చెప్పింది, ఇక మీదట ఎవర్నీ మా ఇంటికి తీసుకురాను అని చెప్పెయ్. ఆ ఇరవై మందినీ నేనే వెనక్కి తిప్పుతా. రాన్‌కి కాదు, నీకే వేయిస్తా."

అంత సులువు. ఒక్క పేరు చెప్తే చాలు.

నయనాబెన్ జేబులోంచి తాళంచెవి తీసింది. కూతురి అరచేతిలో పెట్టింది. పెట్టింది గానీ తన చెయ్యి తియ్యలేదు. వేళ్లు కూతురి మణికట్టును చుట్టుకున్నాయి.

"వెళ్లు. నిన్ను ఆపను. కానీ నా పేరు ఎత్తకే. ఎవరో పాపాత్ములు నోరు జారి ఉంటారు అని సత్సంగంలో అందరిముందూ నేనే అన్నాను. హంసాబెన్ తల ఊపింది కూడా. ఇప్పుడు నేనేనని తెలిస్తే ఆ గుమ్మం ఎలా తొక్కను? మీ నాన్నకు తెలిస్తే మాట్లాడడు. బాకి అసలే తెలియకూడదు. నిన్ను నమ్మి అడుగుతున్నాను. ఇది మన మధ్యే ఉండాలి."

ఇది మన మధ్యే ఉండాలి. ధ్వని కూడా ముక్కు చీదుతూ అదే అంది.

ఖ్యాతి తల్లి చేతిని చూసింది. చెప్తే గెలుస్తుంది. కడుపులో దాచమని కన్నతల్లి అడిగిన మాటను మైకులో చెప్పి గెలిచిన వెల్ఫేర్ ఆఫీసర్ అవుతుంది. అప్పుడు కెప్టెన్ పాట నిజమవుతుంది. చెప్పకపోతే రాన్ గెలుస్తాడు, ధ్వనికి తన ఇల్లు ఎవరు తగలబెట్టారో ఎప్పటికీ తెలియదు. తెలుసుకునే హక్కు ఆ పిల్లకు కాక ఇంకెవరికుంది? రహస్యం దాచే మనిషి కావాలని ఎన్నిక పెట్టారు. దాస్తే ఓడిస్తారట.

"నువ్వే వచ్చి ధ్వనికి చెప్పు మమ్మీ," అంది చివరికి.

నయనాబెన్ తల అడ్డంగా ఊపింది. ఏడుపు మొదలైంది. శబ్దం రాకుండా ఏడవడం ఆమెకు అలవాటు లేదు. అయినా ప్రయత్నించింది.

మెట్ల మీద కర్ర చప్పుడైంది.

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. మోకాళ్ల నొప్పులు పట్టుకున్నప్పటి నుంచీ బా పై అంతస్తు ముఖం చూసింది లేదు. ఇప్పుడు ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ, ఊపిరి తీసుకుంటూ, రెయిలింగు పట్టుకుని పైకి వస్తోంది. ప్రాచి సాయం పట్టడానికి పరుగెత్తితే కర్రతోనే పక్కకు నెట్టింది.

"ఇందాకటి దాకా అరిచారు, బాగానే ఉంది," అంది బా, మెట్ల పైన నిలదొక్కుకుని. "అరుపు ఆగిపోయింది. ఈ ఇంట్లో అరుపు ఆగితేనే నాకు భయం."

నయనాబెన్ వేళ్లు కూతురి మణికట్టు మీద బిగిశాయి. గోళ్లు దిగాయి.

బా కోడలి తడి కళ్లు చూసింది, ప్రాచి వంచిన తల చూసింది. మనవరాలి దగ్గరికి వచ్చి ఆగింది.

"నువ్వు నాకు అబద్ధం చెప్పవు, ఖ్యాతీ. ఏమైంది?"

"అయింది బా," అంది ఖ్యాతి. "కానీ అది నేను చెప్పాల్సిన మాట కాదు."

బా కాసేపు ఆమెనే చూసింది. ఆ చూపు నెమ్మదిగా కిందికి దిగింది, బిగుసుకున్న మణికట్టు మీదికి. దాన్ని పట్టుకున్న చేతి వెంబడే పైకి పాకి, కోడలి ముఖం మీద ఆగింది.

"అయితే నువ్వు చెప్పు, నయనా."